పాత డేటాబేస్‌కి పాటించకూడని చిట్కాలు

చిన్న పత్రికలు, కథల సంకలనాలు, ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా, పూర్వ విద్యార్థుల సంఘం, గుడి ట్రస్టు. తెలుగులో ఇలాంటి వెబ్‌సైట్లు ఎన్నో చవక షేర్డ్ హోస్టింగ్ మీదే నడుస్తుంటాయి. వాటిని ఎవరో ఒకరు ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో చూసుకుంటారు. అంతా సాఫీగా సాగుతుండగా ఒకరోజు వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్ ఎక్కనంటుంది. లేదా ఏదో ప్లగిన్ మీ డేటాబేస్ పాతదని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. అక్కడి నుంచి సలహాలు మొదలవుతాయి. అమీర్‌పేటలో కోర్సు చేసిన మేనల్లుడు ఒకటి చెబుతాడు, డాలస్‌లో ఉన్న బావమరిది ఇంకొకటి చెబుతాడు, హోస్టింగ్ కంపెనీ చాట్‌లో కూర్చున్న అబ్బాయి మూడోది చెబుతాడు. అందరూ మన మేలు కోరే చెబుతారు. కానీ ఆ సలహాల్లో ఎక్కువ భాగం ఎర్రరును కనబడకుండా చేసేవే, డేటాను కాపాడేవి కావు. ఎర్రరు పోయిందని ఊపిరి పీల్చుకున్న రోజు నుంచే అక్షరాలు పోవడం మొదలైన సైట్లు తెలుగులో ఉన్నాయి. నేను తరచుగా వినే తప్పుడు సలహాలను, అవి ఎందుకు తప్పో, వాటి బదులు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. రేపు ఎవరైనా ఇవే మాటలు మీకు చెబితే గుర్తుపట్టగలగాలని.

అన్నిటికంటే ముందు వినిపించేది, "హోస్టింగ్ వాళ్ళకి గట్టిగా చెప్పండి, వెర్షన్ వాళ్ళే పెంచుతారు" అన్న మాట. పెంచరు. ఎందుకు పెంచరో తెలిస్తే వాళ్ళ మీద కోపం కూడా కాస్త తగ్గుతుంది. షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ వెర్షన్‌ని ఎవరి ఖాతాకు వాళ్ళు ఎంచుకునే వీలు ఉంటుంది. క్లౌడ్‌లైనక్స్ లాంటివి వేసిన సర్వర్లలో సీప్యానెల్ తెరిచి, పక్కవాళ్ళతో పనిలేకుండా మన ఒక్కరికే మార్చుకోవచ్చు. డేటాబేస్ అలా కాదు. పీహెచ్‌పీ మన ఫ్లాట్‌లోని ఫ్యాను అయితే, మైఎస్‌క్యూఎల్ అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్న బోరు. ఒక సర్వరు మీద ఎన్ని ఖాతాలుంటే అన్నిటికీ నడిచే డేటాబేస్ సర్వరు ఒక్కటే. దాన్ని పెంచితే అందరికీ పెరుగుతుంది, చెడితే అందరికీ చెడుతుంది. పైగా ఈ దారిలో వెనక్కి నడవలేం. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కి వెళ్ళాక నచ్చలేదని అదే డేటా ఫైళ్ళతో 5.7కి దిగే వీల్లేదు, ముందు తీసిన బ్యాకప్ నుంచి మళ్ళీ కట్టుకోవాల్సిందే. కొన్ని వందల మంది కస్టమర్ల సైట్లు నెత్తిన పెట్టుకున్న కంపెనీ మన ఒక్క టికెట్ కోసం ఆ పని చేయదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. "కొత్త డేటాబేస్ ఉన్న సర్వరు మీ దగ్గర ఇంకొకటి ఉందా? నా ఖాతాను అక్కడికి మారుస్తారా?" అని అడగండి. చాలా కంపెనీల్లో పాత మెషీన్లూ కొత్త మెషీన్లూ పక్కపక్కనే నడుస్తుంటాయి. ఖాతా మార్చడం వాళ్ళకి రోజువారీ పని. "ఎప్పుడు పెంచుతారు?" అన్న ప్రశ్నకు "త్వరలో" తప్ప జవాబు రాదు.

అడిగే ముందు అసలు మన దగ్గర ఉన్నది ఏ వెర్షనో తెలియాలి. "పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిస్తే కనబడే నంబరే" అంటారు. అక్కడ రెండు పెట్టెల్లో రెండు నంబర్లుంటాయి. ఒకటి డేటాబేస్ సర్వరుది. రెండోది వెబ్ సర్వరు కింద ఉండే డేటాబేస్ క్లయింట్ నంబరు, అంటే పీహెచ్‌పీ వాడుతున్న లైబ్రరీది. ఈ రెండోదాన్ని చూసి మా దగ్గర ఎనిమిది ఉందని ధీమాగా చెప్పేవాళ్ళున్నారు. మైఎస్‌క్యూఎల్ బదులు వాడే మరియాడీబీతో ఇంకో చిక్కు ఉంది. 10వ శ్రేణి మరియాడీబీ సర్వర్లు క్లయింటుతో మొదటి పలకరింపులోనే తమ అసలు నంబరుకు ముందు 5.5.5 అని తగిలించి చెబుతాయి. రెండంకెల నంబరు చూసి పాత రెప్లికేషన్ ప్రోగ్రాములు తికమకపడకుండా చేసిన ఏర్పాటు అది. దాన్ని చదివిన కొన్ని ప్రోగ్రాములు, కొందరు మనుషులు కూడా, సర్వరు 5.5 కాలం నాటిదని అనుకుంటారు. ఎస్‌క్యూఎల్ విండోలో సెలెక్ట్ వెర్షన్() అని నడపండి. అది చెప్పేదే అసలు నంబరు.

నంబరు తెలిశాక దాని మద్దతు గడువు చూడాలి. మైఎస్‌క్యూఎల్ 5.5కి 2018 డిసెంబరులో, 5.6కి 2021 ఫిబ్రవరిలో, 5.7కి 2023 అక్టోబరులో గడువు తీరింది. 8.0కి ఒరాకిల్ పెట్టిన గడువు 2026 ఏప్రిల్. సెంట్ఓఎస్ 7 అనే పాత లైనక్స్ వేసిన మెషీన్ల మీద సాధారణంగా కనబడేది మరియాడీబీ 5.5. దానికి దాని తయారీదారుల అండ 2020లోనే ఆగింది. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. నంబరు పాతదైనంత మాత్రాన రక్షణ లేనట్టు కాదు. రెడ్‌హ్యాట్ లాంటి సంస్థలు పాత నంబరును అలాగే ఉంచి, భద్రతా సవరణలను మాత్రం వెనక్కి తెచ్చి అతికిస్తాయి. అందుకే రెడ్‌హ్యాట్ మీద ఆధారపడ్డ సెంట్ఓఎస్ 7 బతికినన్నాళ్ళు ఆ 5.5కీ కొంత కాపలా ఉండేది. 2024 జూన్ 30తో ఆ సెంట్ఓఎస్‌కే గడువు తీరిపోయింది. మీ హోస్టింగ్ ఇంకా దాని మీదే ఉంటే, డబ్బు కట్టి పొడిగింపు మద్దతు తీసుకున్నారా అని సూటిగా అడగండి. జవాబు తప్పించుకుంటే వేరే చోటు వెతుక్కోవడమే మంచిది.

"పీహెచ్‌పీని కూడా పాతదాంట్లోనే ఉంచితే గొడవ ఉండదు" అనేది ఇంకో సలహా. ఇది ప్రమాదకరమైనది. మైఎస్‌క్యూఎల్_కనెక్ట్, మైఎస్‌క్యూఎల్_క్వెరీ అంటూ రాసిన పాత కోడ్ ఉన్నవాళ్ళకి ఇది తేనెలా వినిపిస్తుంది. ఆ ఫంక్షన్లను 2013లో పీహెచ్‌పీ 5.5 వచ్చినప్పుడే వదిలేయమన్నారు. 2015 డిసెంబరులో 7.0 వచ్చేసరికి తీసేశారు కూడా. వాటికోసం పీహెచ్‌పీ 5.6లో ఉండిపోవడమంటే 2018 చివర్లో భద్రతా సవరణలు ఆగిపోయిన ప్రోగ్రాముని నేరుగా ఇంటర్నెట్ ముఖాన నిలబెట్టడం. నిజానికి పాత డేటాబేస్ కంటే పాత పీహెచ్‌పీయే పెద్ద ముప్పు. షేర్డ్ హోస్టింగ్‌లో డేటాబేస్‌ని బయటివాళ్ళు సాధారణంగా నేరుగా తాకలేరు, పీహెచ్‌పీని మాత్రం దారిన పోయే ప్రతివాడూ తాకుతాడు. కాబట్టి మన చేతిలో ఉన్న పీహెచ్‌పీని వీలైనంత పైకి తీసుకెళ్ళాలి, డేటాబేస్ పాతదైనా సరే. కోడ్‌ని పీడీఓకి గానీ మైఎస్‌క్యూఎల్ఐకి గానీ మార్చుకుంటే కొత్త పీహెచ్‌పీ పాత మైఎస్‌క్యూఎల్ 5.5తో కూడా మాట్లాడుతుంది. ఈ రెండూ 2004, 2005 నుంచి ఉన్నవే, కొత్త వింతలేమీ కావు. మార్చేటప్పుడు క్వెరీలోకి నేరుగా అతికించే విలువలను ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లలోకి మార్చండి. ఒకే శ్రమతో రెండు పనులు అవుతాయి.

ఫంక్షన్ పేరు ముందు 'ఎట్' గుర్తు (@) పెట్టి ఎర్రరు దాచేయమనే సలహా గురించి ఎక్కువ చెప్పను. ఎవరు చెప్పినా వినకండి. ఎర్రర్లు పాఠకుడి తెర మీద కనబడకూడదు, లాగ్ ఫైల్లో మాత్రం తప్పకుండా కనబడాలి.

ఇప్పుడు అసలు నష్టం చేసే సలహాకి వద్దాం. "స్ట్రిక్ట్ మోడ్ తీసేయండి, అన్నీ సర్దుకుంటాయి." ఎస్‌క్యూఎల్_మోడ్ అనే సెట్టింగుని ఖాళీ చేయమంటారు. నిజమే, ఆ ఒక్క లైనుతో పది ఎర్రర్లు ఒకేసారి మాయమవుతాయి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ దానంతటదే వచ్చేట్టు పెట్టారు. పాత సర్వర్లలో అది తరచుగా ఉండదు. ఈ తేడా వల్ల పాత సర్వరు మీద రాసిన కోడ్ కొత్త సర్వరు మీద ఏడుస్తుంది. తేదీ గడిలో సున్నాలు పెట్టినా, పట్టనంత పొడుగు మాట పెట్టినా, పట్టని అక్షరం పెట్టినా కొత్త సర్వరు ఒప్పుకోదు. పాత సర్వరు ఒప్పుకుంటుంది, కానీ ఒప్పుకుని ఏం చేస్తుందో చూడాలి. పట్టనిదాన్ని కత్తిరించి పారేసి, ఒక హెచ్చరిక మాత్రం రాసుకుని ఊరుకుంటుంది. ఆ హెచ్చరికను ఎవరూ చదవరు.

ఈ కత్తిరింపు తెలుగుకి ఎంత చేటో ఇంగ్లీషులో సైట్లు నడిపేవాళ్ళకి అర్థం కాదు. యూటీఎఫ్8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. గుర్తు అంటే మనం చదివే అక్షరం కాదు, హల్లు వేరు, గుణింతం వేరు, పొల్లు వేరు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, మొత్తం పద్దెనిమిది బైట్లు. 'వేంకటేశ్వర్లు' పదమూడు గుర్తులు, ముప్పై తొమ్మిది బైట్లు. పాత సైట్లలో పేరు గడిని లాటిన్1 పద్ధతిలో, ఇరవై పట్టేలా కట్టి ఉంటే, అక్కడ ఇరవై అంటే ఇరవై బైట్లే. స్ట్రిక్ట్ మోడ్ లేని సర్వరు ఆ పేరులో 'వేంకటే' వరకూ ఉంచి, తర్వాతి గుర్తులో రెండు బైట్ల ముక్కను తోకలా వదిలి, మిగతాది పారేస్తుంది. పేజీ మీద 'వేంకటే' పక్కన ఒక నల్ల డైమండ్ గుర్తు కనబడుతుంది. ఆ పెద్దాయన మిగతా పేరు ఇక ఎక్కడా లేదు.

ఎమోజీలతో ఇంకా దారుణం. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పిలిచేది సంపూర్ణమైన యూటీఎఫ్8 కాదు, మూడు బైట్ల వరకే పడుతుంది. తెలుగు మూడు బైట్లే కాబట్టి మనకి ఏళ్ళ తరబడి లోటు తెలియలేదు. ఎమోజీకి నాలుగు కావాలి. నాలుగూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అన్నది మైఎస్‌క్యూఎల్ 5.5.3తో 2010లో వచ్చింది, వర్డ్‌ప్రెస్ దానికి మారింది 2015లో 4.2తో. పాత పట్టికలే నడుస్తున్న సైటులో, స్ట్రిక్ట్ మోడ్ లేకుండా, ఒక పాఠకురాలు కథ మీద మూడు పేరాల ఉత్తరం రాసి మొదటి పేరా చివర ఒక నమస్కారం బొమ్మ పెట్టిందనుకోండి. బొమ్మ ఒక్కటే పోదు. బొమ్మ నుంచి చివరి వరకు ఉన్న రెండు పేరాలూ పోతాయి. సైటు మాత్రం అభిప్రాయం చేరిందనే చెబుతుంది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే కనీసం ఎర్రరు వచ్చేది, ఆమె బొమ్మ తీసి మళ్ళీ పంపేది.

ఈ కత్తిరింపు భద్రతకీ చిల్లు పెట్టింది. 2015 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్ వెంటవెంటనే రెండు సవరణలు విడుదల చేయాల్సి వచ్చింది. ఒకటి నాలుగు బైట్ల అక్షరం దగ్గర జరిగే కత్తిరింపుని అడ్డం పెట్టుకుని దాడి చేయవచ్చని తేలినందుకు. రెండోది టెక్స్ట్ గడి నిండాక జరిగే కత్తిరింపు వల్ల. టెక్స్ట్ గడికి 65,535 బైట్లు హద్దు. తెలుగులో లెక్కేస్తే 21,845 గుర్తులు. సొంతంగా కట్టుకున్న పత్రిక సైటులో వ్యాసాలు టెక్స్ట్ గడిలో ఉంటే, పొడుగు వ్యాసం చివర్లు చదివి చూడండి. మీడియంటెక్స్ట్‌కి మార్చడం ఒక్క లైను పని, ఏ పాత సర్వరయినా ఒప్పుకుంటుంది.

మరి ఎస్‌క్యూఎల్_మోడ్ సెట్టింగు వల్ల వచ్చే ఎర్రర్లను ఏం చేయాలి? ఒక్కొక్కటిగా సరిచేయాలి, వేరే దారి లేదు. సున్నాల తేదీలను నల్‌గా మార్చండి. గడులు చిన్నవైతే పెంచండి. గ్రూప్ బై క్వెరీల్లో ఏ వరుస విలువ కావాలో స్పష్టంగా చెప్పండి. పాత సర్వరు ఏదో ఒక వరుస తీసి ఇచ్చేది, మనం దాన్నే నిజమనుకున్నాం. నా మాట అడిగితే, పాత సర్వరు మీద ఉన్నప్పుడే మీ కోడ్‌లో కనెక్షన్ తెరవగానే స్ట్రిక్ట్ మోడ్ పెట్టుకోండి. సెషన్ వరకు అది మన చేతిలో పనే, హోస్టింగ్ వాళ్ళ అనుమతి అక్కర్లేదు. ఎర్రర్లు ఇప్పుడే, మన కళ్ళ ముందే రానివ్వండి.

"పట్టికని యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్ చేసేయండి, తెలుగు బాగయిపోతుంది." ఈ సలహా సగం నిజం కాబట్టే ఎక్కువ నష్టం చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 రాకముందు సర్వరు దానంతటదిగా పెట్టుకునే పద్ధతి లాటిన్1, స్వీడిష్ వరుస క్రమంతో. ఎవరూ ఏమీ మార్చకుండా కట్టిన పాత తెలుగు సైట్లలో జరిగింది ఇది. పేజీ యూటీఎఫ్8లో ఉంది, కనెక్షన్ లాటిన్1లో ఉంది, పట్టికా లాటిన్1లోనే ఉంది. తెలుగు బైట్లు మూడేసి చొప్పున మూడు లాటిన్ అక్షరాల వేషంలో లోపలికి వెళ్ళాయి, అదే వేషంలో బయటికి వచ్చాయి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే దారి కాబట్టి పేజీ మీద తెలుగు చక్కగా కనబడింది, పదేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త సర్వరు మీదికి మారగానే కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 అవుతుంది. డేటాబేస్ ఆ లాటిన్ అక్షరాలను నిజంగానే లాటిన్ అనుకుని తర్జుమా చేసి పంపుతుంది. పేజీ నిండా టోపీలు పెట్టుకున్న ఐరోపా అక్షరాలు, డిగ్రీ గుర్తులు వస్తాయి. ఇప్పుడు కన్వర్ట్ నొక్కితే ఆ వేషమే శాశ్వతంగా పట్టికలో ముద్రపడుతుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, ఆ గడిని ముందు బ్లాబ్‌గా మార్చాలి. అప్పుడు డేటాబేస్ దాన్ని అక్షరాలుగా చూడడం మానేసి ఉత్త బైట్లుగా చూస్తుంది. ఆ తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చాలి. బైట్లు కదలవు, పేరు మాత్రం మారుతుంది. అన్ని గడులకీ ఇలాగే చేయాలి, ముందు కాపీ పట్టిక మీద. కొన్నాళ్ళు ఒక పద్ధతిలో, తర్వాత ఇంకో పద్ధతిలో డేటా వెళ్ళిన సైట్లలో పాత వరుసలను, కొత్త వరుసలను వేరు చేసుకుని పాతవాటికి మాత్రమే ఈ చికిత్స చేయాలి. ఓపిక కావాల్సిన పని, ఒక రాత్రిలో అయ్యేది కాదు.

ఇక్కడ పాఠకులు తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. తెలుగు బదులు వింత లాటిన్ అక్షరాలు కనబడితే భయపడకండి, మీ తెలుగు లోపల భద్రంగా ఉండే అవకాశమే ఎక్కువ. తెలుగు బదులు వరుసగా ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం ముందు పట్టికలో చూడండి. అక్కడా ప్రశ్నార్థకాలే ఉంటే ఆ అక్షరాలు రాసిన క్షణంలోనే పోయాయి, ఏ చిట్కా తిరిగి తేలేదు. వెంటనే రాతలు ఆపించి, పాత బ్యాకప్ వెతకాలి.

బ్యాకప్ ఫైలుకి వస్తే, "నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైండ్ అండ్ రీప్లేస్ చేయండి" అంటారు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి తీసిన డంప్‌ని పాత సర్వరు మీద ఎక్కించబోతే యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అనే కొలేషన్ (వరుస క్రమం) తెలియదంటుంది. ఆ మాటని యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐగా మార్చడం సరైనదే. తప్పెక్కడంటే, పనిలో పనిగా యూటీఎఫ్8ఎంబీ4 అన్నదాన్నే యూటీఎఫ్8గా మార్చేయడంలో, ఏ ఎడిటరు దొరికితే దాంట్లో మార్చడంలో. మొదటిది చేస్తే ఎమోజీల కథ మళ్ళీ మొదలు. రెండోది తెలుగుకి ప్రత్యేకమైన ప్రమాదం. విండోస్-1252 అనే పాత పద్ధతిలో 81, 8డీ అనే రెండు బైట్లకు ఏ అక్షరమూ కేటాయించలేదు. తెలుగులో కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8డీ. మైఎస్‌క్యూఎల్ తన లాటిన్1లో ఆ బైట్లను జాగ్రత్తగా అలాగే ఉంచుతుంది. ఫైలుని విండోస్-1252గా చదివి మళ్ళీ రాసే ఎడిటరు మాత్రం వాటిని పోగొట్టవచ్చు. కొమ్ములూ పొల్లులూ లేని తెలుగు ఎలా ఉంటుందో ఊహించండి. వత్తులన్నీ విడిపోతాయి, 'తెలుగు' అన్న మాటే నిలబడదు. డంప్‌ని ఎడిటరులో తెరవాల్సి వస్తే యూటీఎఫ్8గానే తెరవాలి, బీఓఎం లేకుండా దాచాలి, మార్చాల్సింది పట్టిక నిర్వచనాల్లోని కొలేషన్ పేరు వరకే. వర్డ్‌ప్రెస్ డంప్‌లో సైటు చిరునామా లాంటివి ఇలా మార్చితే ఇంకో దెబ్బ. సీరియలైజ్ చేసిన విలువల్లో పొడుగు అంకె ముందే రాసి ఉంటుంది, మాట మారి అంకె మారకపోతే ఆ సెట్టింగు మొత్తం చదవడానికి రాదు. దానికి వేరే పనిముట్లున్నాయి, డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ లాంటివి.

మిగతా సలహాలను త్వరగా చూద్దాం.

డేటాబేస్‌ని బయట ఇంకెక్కడో కొత్త సర్వరు మీద పెట్టి, సైటుని ఇక్కడే ఉంచమంటారు. ఒక పేజీకి అరవై క్వెరీలు అనుకుందాం. సైటు అమెరికాలో, డేటాబేస్ ముంబైలో ఉంటే ఒక్కో క్వెరీ వెళ్ళి రావడానికి 200 మిల్లీసెకన్లు, మొత్తం పన్నెండు సెకన్లు. పాఠకుడు అంతసేపు ఆగడు. పైగా ఎక్కడి నుంచైనా రానివ్వమని శాతం గుర్తు పెట్టి 3306 పోర్టు తెరవడం చాలా చెడ్డ అలవాటు.

వీపీఎస్, అంటే మనమే చూసుకోవాల్సిన సొంత వర్చువల్ సర్వరు, తీసుకోమంటారు. లైనక్స్ సవరణలు, బ్యాకప్‌లు, అర్ధరాత్రి ఆగిపోయిన సర్వరు, ఇవన్నీ చూసుకునే మనిషి ఉంటే మంచి సలహా. ఆ మనిషి లేకపోతే పాత షేర్డ్ హోస్టింగే నయం.

ఎస్‌క్యూలైట్‌కి మారమనే సలహా మరీ తీసిపారేయదగ్గది కాదు. రాసేవాళ్ళు తక్కువ, చదివేవాళ్ళు ఎక్కువ ఉన్న సైటుకి అది సరిపోతుంది, ఎవరి ఫైలు వాళ్ళ ఖాతాలోనే ఉంటుంది. కానీ దాని లైబ్రరీ కూడా సర్వరుతో వచ్చేదే. సెంట్ఓఎస్ 7లో ఉన్నది 3.7.17. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2.2 వెర్షను కనీసం 3.8.3 కావాలని అక్కడ మొండికేసింది. పాతదనం నుంచి పూర్తిగా తప్పించుకున్నట్టు కాదన్నమాట. ఆ ఫైలుని పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ బయట ఉంచడం మాత్రం మరవకండి, లోపల ఉంటే చిరునామా ఊహించినవాడు మొత్తం దింపుకుంటాడు.

నేను గట్టిగా నమ్మేది, ఎవరూ సలహాగా చెప్పనిది ఒకటుంది. మూతపడిన పత్రిక పాత సంచికలకు డేటాబేస్ అవసరమే లేదు. 2009 నాటి సంచికలో కథని ఇప్పుడు ఎవరూ మార్చరు, దాని కింద కొత్త అభిప్రాయం రాకపోయినా నష్టం లేదు. అలాంటి పేజీలన్నిటినీ మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళుగా దింపి అదే చిరునామాల్లో పెట్టండి. డబ్ల్యూగెట్ లాంటి పనిముట్టు ఆ పని చేసిపెడుతుంది. వాటికి మైఎస్‌క్యూఎల్ గడువుతో గానీ, పీహెచ్‌పీ వెర్షన్‌తో గానీ, హోస్టింగ్ వాళ్ళ దయతో గానీ సంబంధం ఉండదు. ఇంకో పదిహేనేళ్ళకి కూడా ఏ బ్రౌజరు అయినా చదువుతుంది. నడుస్తున్న భాగానికి మాత్రమే డేటాబేస్ ఉంచుకుంటే మార్చాల్సిన పట్టికలూ తగ్గుతాయి, భయమూ తగ్గుతుంది. తెలుగు సాహిత్యం కోసం వెబ్‌లో సొంత డబ్బు పెట్టి పనిచేసిన ఎందరి శ్రమో ఇప్పుడు పాత సర్వర్ల మీద ఉంది. దాన్ని కాపాడే చవకైన మార్గం ఇదే.

చివరిగా, అందరూ చెప్పే మాట: "హోస్టింగ్ వాళ్ళు బ్యాకప్ తీస్తారు కదా." తీస్తారేమో. అది మీ చేతిలో లేదు, మీరు దాన్ని తెరిచి చూడలేదు. ఖాతా రెన్యువల్ తప్పిన రోజు అది కూడా ఖాతాతో పాటే పోవచ్చు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి తీసుకున్న ఫైలు కూడా పెద్ద సైట్లకి నమ్మదగింది కాదు, మధ్యలో సమయం అయిపోతే సగం ఫైలే దిగుతుంది, చూడటానికి మాత్రం పూర్తిగా ఉన్నట్టే ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ ఇచ్చే హోస్టింగ్ అయితే మైఎస్‌క్యూఎల్‌డంప్ వాడండి. లేకపోతే పట్టికలవారీగా తీయండి, ప్రతి ఫైలు చివరి లైను చూడండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీరు చూసుకునే సైటు డంప్ తీసి, మీ ల్యాప్‌టాప్‌లో కొత్త మరియాడీబీ గానీ మైఎస్‌క్యూఎల్ 8 శ్రేణి గానీ వేసి, దాంట్లో ఎక్కించండి. ప్రతి పట్టికలో వరుసలు అక్కడా ఇక్కడా సమానమేనా లెక్కపెట్టండి. అన్నిటికంటే పాత వ్యాసం ఒకటి, అన్నిటికంటే పొడుగు వ్యాసం ఒకటి తెరిచి, కొమ్ములూ వత్తులూ ఉన్నాయా, చివరి వాక్యం ఉందా చూడండి. అవన్నీ సరిగ్గా ఉన్నాక హోస్టింగ్ వాళ్ళకి టికెట్ పెట్టండి, అప్పటిదాకా ఎవరి సలహా వినీ అసలు డేటాబేస్‌ని ముట్టుకోకండి.